మూడో పేరు

ఖాళీ డబ్బాలో బియ్యం పడుతున్న చప్పుడు.

ఒక జల్లు. ఆగుతుంది.

మరో జల్లు. ఆగుతుంది...

జమ్మికుంటలో పద్మలతను పొద్దున్నే లేపేది ఈ చప్పుడే. కోడి లేపదు, రైలు కూత లేపదు. వంటింట్లో అక్క రమ ఎసరు పెట్టకముందే, చాటలో పోసుకున్న బియ్యంలోంచి ఒక పిడికెడు తీస్తుంది. గోడవారన రేకు డబ్బా ఉంటుంది. దాని మీద పిడికిలి పట్టుకుని, ఒక్కో పేరుకు కొంచెం కొంచెం వదులుతుంది.

రామచంద్రం —

పద్మలత —

హెప్సిబా —

చిన్నోడు —

నాలుగో పేరుకు పిడికిలి ఖాళీ అవుతుంది. సల్లగుండాలె దేవా, అంటుంది. అరచేయి కొంగుకు తుడుచుకుని స్టవ్ వెలిగిస్తుంది.

రామచంద్రం పద్మలత భర్త. హెప్సిబా కూతురు, పదకొండేళ్లది. చిన్నోడు కొడుకు, అక్కడ పుట్టినవాడు. వాడికి యోతాము అని చక్కటి పేరుంది. కానీ పుట్టిన కబురు ముందు వచ్చి పేరు తర్వాత వచ్చింది. అప్పటికే ఇక్కడి ఆడవాళ్ల నోట వాడు చిన్నోడుగా స్థిరపడిపోయాడు. ఇక మార్చడం ఎవరి తరమూ కాలేదు.

అక్కడ అంటే మలావి. ఆఫ్రికాలో, అవతలి ఒడ్డు కనబడని ఒక సరస్సు పక్కన. అక్కడ రామచంద్రం బడిలో పాఠం చెబుతాడు, ఆదివారం వాక్యం చెబుతాడు. పద్మలత నర్సు. రేకుల కప్పు కింద రెండు గదుల ఆస్పత్రి ఆమెది. చుట్టుపక్కల పల్లెల్లో కాన్పు వస్తే ఆమే.

నాలుగేళ్లకోసారి ఇంటి సెలవు. ఆ సెలవు ఇప్పుడు అయిపోవచ్చింది.

ఈ ఊరి క్రైస్తవ సంఘంలో ప్రతి ఇంట్లోనూ ఇలాంటి డబ్బా ఒకటి ఉంటుంది. కొందరిది పాలపొడి డబ్బా, కొందరిది మూత పోయిన నూనె డబ్బా. దూరదేశం పోయిన మిషనరీల కోసం పూటపూటా తీసే పిడికెడు. వారమంతా నిండుతుంది. ఆదివారం చర్చిలో బల్ల ముందున్న గంపలోకి పోతుంది. ఆ బియ్యాన్ని అక్కడే వేలం పాడతారు. వచ్చినదేదో సముద్రం దాటుతుంది. పద్మలత ఆస్పత్రిలో దీపమవుతుంది, సూది అవుతుంది, బొడ్డు కోసే బ్లేడు అవుతుంది.

పిడికెడుకు ఒక కట్టుబాటు ఉంది. ఎవరూ రాసిపెట్టలేదు, అందరికీ తెలుసు. దగ్గరున్నవాళ్ల కోసం తీయరు. జ్వరం పడ్డ అత్త కోసం ప్రార్థన చేస్తారు, పరీక్ష రాసే పిల్లవాడి కోసం చేస్తారు. పిడికెడు మాత్రం తీయరు. అది దూరం పోయినవాళ్లది.

సెలవుకు వచ్చిన మొదటి రోజు పద్మలత నవ్వింది. పక్క గదిలో పడుకున్న మనిషికి పిడికెడేమిటక్కా, అని. రమ నవ్వలేదు.

"వచ్చిన్రంటె వచ్చినట్టా? మల్ల పోయేటోళ్లేనాయె."

పద్మలత ఇంతవరకూ పిడికెడు తీసి ఎరుగదు. ఆమె తీసే మనిషి కాదు, పేరున్న మనిషి. రెండో పేరు.

*

అది పత్తి కాలం.

పత్తి మార్కెట్ యార్డుకు బండ్లు వస్తూనే ఉన్నాయి. పత్తి నింపుకున్న ట్రాలీలు వీధి మలుపులో ఒరిగి, ఒరిగి, ఎలాగో నిలబడి సాగిపోతాయి. వెనక తెల్లటి పింజలు లేస్తాయి. గాలిలో తేలతాయి. కరెంటు తీగల మీద, ఆరేసిన చీరల మీద, పిల్లల తలల మీద వాలతాయి. ఊరంతా ఎవరో దిండు చింపి దులిపినట్టుంటుంది.

హెప్సిబా జడలో ఎప్పుడూ ఒక పింజ ఉంటుంది. పద్మలత తీస్తుంది. కాసేపటికి మరొకటి.

తీసిన ప్రతిసారీ అనుకుంటుంది — ఇక ఎవరు తీస్తారు?

ఈసారి పోయేది నలుగురు కాదు. ముగ్గురు.

ఈ నాలుగేళ్లలో మొదటి వానాకాలం మలేరియా జ్వరం హెప్సిబాను పడుకోబెట్టి లేపింది. తర్వాతి వానాకాలం ఇంకా గట్టిగా పట్టింది. పోయినేడు తలకెక్కింది. పిల్ల కళ్లు తెరిచే ఉంది, తల్లిని గుర్తుపట్టలేదు. ఎందరో తల్లుల పిల్లలకు ఆ జ్వరం దింపిన పద్మలత, తన పిల్ల దగ్గరికి వచ్చేసరికి సూది గుచ్చలేకపోయింది. పిల్లను లారీలో వేసుకుని పట్నం పోయారు. అక్కడి ముసలి డాక్టరు రెండు రోజులు పిల్ల పక్కనే కూర్చుని బతికించాడు. బతికించి ఒకటే మాట అన్నాడు. ఈ పిల్లను ఇంకో వానాకాలం ఇక్కడ ఉంచకండి.

చిన్నోడిని ఆ జ్వరం ముట్టుకుని వదిలేస్తుంది. ఆ నేల మీద పుట్టాడు కదా, ఆ నేల వాడిని ఎరుగును. అలా అనుకుంటేనే పద్మలత కడుపులో కాస్త చల్లన.

అందుకని హెప్సిబా రమ దగ్గర ఉంటుంది. బడి మాట్లాడారు. బట్టలు కుట్టించారు. మళ్లీ సెలవుకు వచ్చేసరికి పిల్ల తల్లి భుజం దాటుతుంది. ఆ మధ్యలో జరిగేవన్నీ, పళ్లు ఊడి రావడం, గౌనులు పొట్టి కావడం, పెద్దమనిషి కావడం, అన్నీ రమ చూస్తుంది. పద్మలత ఫోనులో వింటుంది, సిగ్నలు ఉన్న రోజున.

క్రిస్మస్ మరుసటి రోజు పిల్లకు చెప్పారు. గుమ్మానికి కట్టిన నక్షత్రాన్ని దించుతోంది అప్పుడు. విన్నది. ఒకటే అడిగింది.

"చిన్నోడో?"

వాడు చిన్నవాడు కదమ్మా, మాతోనే, అన్నారు. మంచిది, అంది. నక్షత్రం కాగితం చిరగకుండా మడిచి, అటక మీద పెట్టమని పెద్దమ్మకు ఇచ్చింది.

అంతే.

ఏడ్చి ఉంటే బాగుండేది. కాళ్లు కొట్టుకుని, నేనూ వస్తానని కొంగు పట్టుకుని, ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చి ఉంటే — పద్మలతకు ఎంత బాగుండేది.

*

పద్మలత నోట్లో ఒక మాట ఉంది.

ఉంటా.

రెండే అక్షరాలు. మీరు పోండి, నేను పిల్ల దగ్గర ఉంటా. పొద్దున లేవగానే నాలుక కిందికి వస్తుంది. ముఖం కడిగితే పోదు, చాయ తాగితే కరగదు. రోజంతా దాన్ని నోట్లో పెట్టుకుని తిరుగుతుంది. అనడానికి జాగా దొరకదు.

ఒకసారి రామచంద్రం దగ్గర అనబోయింది. అతను సూట్‌కేసు ముందు కూర్చుని చొక్కాలు మడుస్తున్నాడు. మడిచిన చొక్కానే విప్పి మళ్లీ మడుస్తున్నాడు. ఆమె ముఖం చూశాడు. పెళ్లయి ఇన్నేళ్లయింది, అతనికి ఆమె చెప్పక్కర్లేదు.

"నువ్వు ఉంటనంటె నేనేమనను, పద్మా. గని నా నోటితోని చెప్పియ్యకు."

లేచి పంపు దగ్గరికి పోయి చాలాసేపు ముఖం కడుక్కున్నాడు. అతను మంచివాడు. కొన్నిసార్లు మంచివాళ్లతో వేగడమే కష్టం.

అక్కకు చెప్పకుండానే తెలుసు. బట్టలు ఆరేస్తూ, తీగ అవతలినుంచి, ముఖం కనబడకుండా అంది.

"ఉంటె ఉండు. ఎవ్వరు ఏమనరు."

నిజమే. ఎవరూ ఏమీ అనరు. అయ్యో తల్లి కదా, అంటారు. రేపు పొద్దున కూడా అవే చేతులు, అవే డబ్బాల్లో, అవే పేర్లతో బియ్యం వేస్తాయి.

అదే ఆమెను తినేస్తోంది.

ఎవరైనా ఒక్క మాట అంటే బాగుండు. కోపం వచ్చేది. కోపం వస్తే ఉండిపోవడం తేలిక.

ఫోనులో అక్కడి నుంచి గొంతు సందేశాలు వస్తున్నాయి. వానలు మొదలయ్యాయట. ఆస్పత్రికి తాళం అలాగే ఉందట. బడి వంటామె రెండోసారి గర్భిణి. మొదటి బిడ్డ అడ్డం తిరిగితే పద్మలత చేతులే తిప్పి తీశాయి. ఇప్పుడు నెలలు నిండుతున్నాయి. ఎప్పుడొస్తున్నావు, అని అడిగింది. అడిగి, ఆపేయకుండా ఊపిరి తీసింది ఫోనులో. ఆ ఊపిరి వెనక రేకుల మీద వాన.

పద్మలత ఆ సందేశాన్ని మళ్లీ మళ్లీ విన్నది.

పక్కనే హెప్సిబా కూడా విన్నది. ఆ భాష పిల్లకు తల్లికంటే బాగా వచ్చు. జడ వేసుకుంటూ వీధిలోకి చూసింది.

*

సామాను తూకం ఒక పెద్ద తమాషా.

రమ భర్త పత్తి యార్డులో దడువాయి. రైతుల పత్తిని కాంటా పెట్టే మనిషి. విమానం వాళ్లు పెట్టె బరువు పట్టి పట్టి చూస్తారని విన్నాడు. అంతకంటే పట్టి చూడడం తనకు తెలియదా అనుకున్నాడేమో, తొక్కు పచ్చళ్లు పెట్టిన పెట్టెలన్నీ యార్డుకు మోయించి పత్తి కాంటా మీద ఎక్కించాడు. రైతులు చుట్టూ చేరారు. ఏ రకం పత్తి అన్నా ఇది, తేమ ఎంత, అని ఒకడు. మామిడి తొక్కు రకం, నూనె తేమ, అని బావ. అందరూ నవ్వారు. చిన్నోడు కాంటా ఎక్కి దిగనన్నాడు.

పద్మలత కూడా నవ్వింది. నవ్వుతూ చూసింది.

హెప్సిబా కాంటా పక్కన నిలబడి పెట్టెలు లెక్కపెడుతోంది. వచ్చినప్పుడు ఎన్ని, ఇప్పుడెన్ని. నాలుగోది కనబడలేదు. అది ఇంట్లోనే, రమ బీరువా పైన, ఖాళీగా ఉంది. దానిలోని గౌనులు బీరువా కింది అరలోకి పోయాయి. పిల్లే సర్దుకుంది, ఎవరూ చెప్పకుండా. అక్కడి ఆడవాళ్లు బిడ్డల్ని వీపున కట్టుకునే రంగుల గుడ్డ ఒకటి ఉంటుంది. చిన్నప్పుడు తనను కట్టిన గుడ్డ. దాన్ని అన్నిటికంటే అడుగున పెట్టుకుంది.

పెట్టెలకు దూది పట్టింది. ఎంత దులిపినా పోలేదు.

బోథ్ కూడా పోయి వచ్చారు. రామచంద్రం పుట్టిన ఊరు అటువైపే. అతను బాప్తిస్మం తీసుకున్న నాటి నుంచి అతని అన్న అతనితో మాట్లాడడు. పగ కాదు, మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక ఏళ్లు గడిచిపోయాయి. తొవ్వపొడుగునా టేకు చెట్లు ఆకు రాల్చి నిలబడ్డాయి. చేలల్లో పొగమంచు. అన్న అందరికీ జొన్నరొట్టెలు పెట్టించాడు. తినేంతసేపూ తల ఎత్తలేదు. పోయేటప్పుడు హెప్సిబా ఒళ్లో ఒక సంచి పెట్టాడు, జొన్నపిండి.

"గీ పిల్లనన్న ఈడ ఉంచుతున్నరు. మంచిగ చేసిన్రు."

తమ్ముడితో ఇన్నేళ్ల తర్వాత అన్న మొదటి మాట. సంతోషంగా అన్నాడు. రామచంద్రం తల ఊపాడు. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుని, ఇచ్చోడ దాటేదాకా ముఖం తిప్పలేదు.

హెప్సిబా ఆ పిండి సంచిని ఒళ్లోంచి దించలేదు. అవ్వా, ఇది నాదేనా, అని ఒకసారి అడిగింది. ఇక్కడి పిల్లలంతా మమ్మీ అంటారు. హెప్సిబా తల్లిని అవ్వ అంటుంది. వీళ్లు ఊరు వదిలినప్పుడు నాలుక మీద ఏ మాట ఉందో ఆ మాటే అక్కడ పిల్లకు వచ్చింది. వాళ్లు నవ్వితే, అర్థం కానిది వాళ్లకే అన్నట్టు చూస్తుంది.

ఆ మాటను కూడా వదిలి పోవాలి. ఏడాది తిరిగేసరికి ఫోనులో మమ్మీ అంటుందేమో.

నీదేనమ్మా, అంది పద్మలత.

*

శనివారం పొద్దున యాదవ్వ వచ్చింది.

పత్తి యార్డులో ఊడ్చే మనిషి. తల నెరిసిందో, దూది పట్టిందో తెలియదు. వీళ్లు పోయినసారి మలావి పోయాక సంఘంలో చేరింది. ఈ సెలవంతా కూతురి కాన్పుకని పెద్దపల్లిలో ఉండిపోయింది. వీళ్లను చూడడం ఇదే మొదటిసారి. గుమ్మంలోనే నిలబడి ఒక్కొక్కరినీ చూసింది, చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"మీ పేర్లే తెలుసు బిడ్డా, మొఖాలు తెల్వయి. పొద్దుగాల మీ నలుగురి పేర్లు అనంది నాకు ముద్ద దిగదు."

లోపలికి వచ్చి, ఏదో అప్పజెబుతున్నట్టు వరుసగా తల మీద చేయి పెట్టింది. ఈయన మొదటి పేరు. నువ్వు రెండో పేరు. హెప్సిబా దగ్గరికి వచ్చి గడ్డం పట్టుకుంది.

"గీ పిల్లేనా మూడో పేరు?"

హెప్సిబా తల ఊపింది.

"ఆడ జర భద్రం బిడ్డా. నీళ్లు కాసి తాగు."

యాదవ్వకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. పద్మలత నోరు తెరిచింది — పిల్ల పోవడం లేదవ్వా, అందామని. నేనూ పోవడం లేదవ్వా, అందామని. ఇంత సులువైన జాగా మళ్లీ దొరకదు. గుమ్మం, ఎండ, ఎవరూ తప్పు పట్టని ఒక ముసలామె.

అప్పుడు ఆమెకు యాదవ్వ చేయి కనబడింది. కుడిచేయి. వేళ్ల మధ్య ఊడ్పు చీపురు పట్టి కాసిన కాయలు. పొద్దున్నే పిడికెడు తీసే చేయి. తనకు రోజూ రెండు పూటలా పొయ్యి వెలుగుతుందో లేదో. వెలిగిన ప్రతి పూటా తీసింది.

మాట నోట్లోనే ఉండిపోయింది.

హెప్సిబా ముసలామెను సరిదిద్దలేదు.

"కాసి తాగుత," అంది.

*

ఆదివారం చర్చి నిండిపోయింది. వీడ్కోలు ఆరాధన.

ఆడవాళ్లు ఒకవైపు చాపల మీద, తలల మీద కొంగులు. మగవాళ్లు ఇంకోవైపు. బల్ల ముందు పెద్ద గంప. ఒక్కొక్కరే వచ్చి డబ్బా వంపుతున్నారు. ఒకరివి సన్నాలు, ఒకరివి రేషను బియ్యం. గంపలో కలిశాక ఏవి ఎవరివో తెలియవు. కొన్ని గింజలు గంప దాటి నేల మీద పడతాయి.

పంపే ముందు ఒక పద్ధతి ఉంది. పోయేవాళ్లు బల్ల ముందు మోకరిస్తారు. పాస్టరు అయ్యగారు, సంఘ పెద్దలు వాళ్ల తలల మీద చేతులుంచి దేవునికి అప్పగిస్తారు.

అయ్యగారు పెద్దవారు. వీళ్లను మొదటిసారి పంపింది ఆయనే. కళ్లద్దాలు ఉన్నా పుస్తకం చూడకుండా చెబుతారు. చూడాల్సిన పని లేదు. ఆయన ఇంట్లోనూ డబ్బా ఉంది. ఇన్నేళ్లుగా భార్య గొంతుతో గొంతు కలిపి అంటున్న పేర్లు. నాలుకే అంటుంది, మనిషి అక్కర్లేదు.

రామచంద్రం, అన్నారు. రామచంద్రం వెళ్లి మోకరించాడు.

పద్మలత, అన్నారు. ఆమె వెళ్లి అతని పక్కన మోకరించింది.

హెప్సిబా, అన్నారు.

చర్చిలో గాలి ఆగిపోయింది.

పద్మలత వెనక్కి తిరిగింది. ఆడవాళ్ల చాపల మధ్య, రమ పక్కనుంచి, హెప్సిబా లేచింది. జడలో దూదిపింజ. ముఖం వెలుగుతోంది. వారాలుగా ఆ ముఖంలో లేని వెలుగు. తనను పిలిచారు. అందరి ముందూ, దేవుని ముందు, పేరు పెట్టి పిలిచారు. పెద్దవాళ్లు మనసు మార్చుకున్నారు. తానూ పోతోంది...

రెండడుగులు వేసింది. ఇంకో రెండు.

అప్పుడు అయ్యగారికి గుర్తొచ్చింది. కళ్లద్దాలు తీశారు. పెదవులు కదిలాయి. తడబడుతూ, చిన్నోడు, అన్నారు.

హెప్సిబా చాపల మధ్య ఆగిపోయింది.

అటు పోలేదు. ఇటు రాలేదు. ఆ కాసేపటిని పద్మలత ఎన్నేళ్లయినా మరిచిపోదు. సంఘంలో ఒక్కరు కూడా తల ఎత్తలేదు. అందరూ నేల చూశారు, అందరి నాలుకలూ ఆ తప్పు చేసేవే.

పిల్ల కదిలింది. గంప దగ్గరికి నడిచింది. నేల మీద చెదిరిన గింజలను రెండు చేతులతో కూడగట్టింది. గంపలో పోసింది. అందుకోసమే లేచి వచ్చినట్టు. చేతులు దులుపుకుని, వచ్చిన దారినే వెళ్లి పెద్దమ్మ పక్కన కూర్చుంది.

పద్మలత తల మీద చేతులు పడ్డాయి. బరువైన చేతులు, మంచి చేతులు. వాటి కింద ఆమె ప్రార్థించలేదు. ఒకటే అనుకుంది.

ఉంటా. రేపు పొద్దున అంటా. ముందు దానితోనే అంటా.

*

సోమవారం.

ఇంకా మంచు విడలేదు. సికింద్రాబాద్ బండికి పోవాలి. ఆటో గేటు ముందుకు వచ్చి ఇంజను ఆపకుండా నిలబడింది. బావ పెట్టెలు ఎక్కిస్తున్నాడు. చిన్నోడు నిద్రమత్తులో తండ్రి భుజం మీద. రమ టిఫిను కట్టిన సంచితో వాకిట్లో ఉంది.

పద్మలత నడవలో నిలబడింది. ఒళ్లంతా తేలికగా ఉంది. అనేసింది తనలో. ఇక పైకి అనడమే మిగిలింది. హెప్సిబాను దగ్గరికి తీసుకుని అంటుంది — నేను ఉంటానే, నీ జడలో పింజలు నేనే తీస్తా. అన్నాక ఆకాశం విరిగి పడితే పడనీ.

వంటింట్లోంచి చప్పుడు.

ఖాళీ డబ్బాలో బియ్యం. ఆదివారం డబ్బా వంపేశారు కదా, సోమవారం చప్పుడు పెద్దగా ఉంటుంది. కానీ రమ వాకిట్లో ఉంది.

పద్మలత గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

హెప్సిబా గోడవారన గొంతుకూర్చుంది. పక్కన చాటలో బియ్యం. డబ్బా మీద చిన్న పిడికిలి. పెద్దమ్మను ఎన్ని పొద్దులు చూసిందో, వేళ్లు వదిలే తీరు అచ్చం రమదే.

"రామచంద్రం —"

ఒక జల్లు. ఆగింది.

"పద్మలత —"

కూతురి నోట తన పేరు. ఇంతవరకూ అవ్వ తప్ప ఇంకో పేరు లేదు ఆ నోట. సంఘంలోని ఆడవాళ్లు అన్నట్టే అంది, దూరాన ఉన్న మనిషిని అన్నట్టే. పద్మలత గుమ్మం పట్టుకుంది.

పిడికిలి ఆగింది.

మూడో పేరు రావాలి. మూడో పేరు...

"చిన్నోడు —"

ఒక జల్లు. ఆగింది.

పిడికిలిలో ఇంకా కొన్ని మిగిలాయి. పిల్ల వాటివైపు చూసింది. డబ్బా మీదినుంచి చేయి తీసి, మిగిలిన గింజలను చాటలోకి, ఈ పూట ఇంట్లో వండే బియ్యంలోకి, జాగ్రత్తగా వదిలింది. అరచేయి గౌనుకు తుడుచుకుంది.

"నీ పేరో, బిడ్డా?"

హెప్సిబా తల ఎత్తింది. తల్లిని చూసి ఉలిక్కిపడలేదు.

"నేను ఈడనే ఉంటున్న గద అవ్వా."

ఉంటున్న.

ఇన్నాళ్లు తన నాలుక కింద దాచుకున్న మాట. పిల్ల తీసుకుని ముందే అనేసింది. మళ్లీ అనడానికి పద్మలత నోట్లో ఏమీ మిగల్లేదు. వెతుక్కుంది. లేదు. కూతురి ఎదురుగా నేల మీద కూర్చుంది.

జడలో పింజ. తీసింది. వేళ్ల మధ్య పట్టుకుంది. ఏం చేయాలో తెలియక నోట్లో పెట్టుకుంది.

ఆటో హారను కొట్టింది.

పద్మా, అని రామచంద్రం పిలిచాడు. ఒక్కసారే. ఆమె ఏమంటుందో వినడానికి సిద్ధంగా ఉన్న గొంతు అది.

ఆమె చేయి చాటలోకి పోయింది. పిడికెడు తీసింది. జన్మలో మొదటిసారి. బియ్యం ఇంత చల్లగా ఉంటుందని తెలియదు. పిడికిలిని డబ్బా మీదికి తెచ్చింది.

ఇప్పుడు పేరు అనాలి. ఒకటే పేరు, కూతురిది.

ఆ పేరు అంటే, పిల్ల దూరమైనట్టే. దగ్గరున్నవాళ్ల కోసం ఎవరూ తీయరు. అనకుండా గింజలను చాటలో పోసేస్తే, పెట్టెలు దింపమని చెప్పవచ్చు. చెప్పవచ్చా? రేపు పొద్దున యాదవ్వ రెండో పేరు అంటుంది. ఆ బియ్యం ఏం కావాలి? రేకుల మీద వాన కింద ఒకామె ఊపిరి తీసి ఎదురుచూస్తోంది...

హెప్సిబా తల్లి పిడికిలినే చూస్తోంది. పెద్దవాళ్ల ప్రార్థన అయ్యేదాకా పిల్లలు కదలకూడదు కదా. కదలకుండా కూర్చుంది. కళ్లు నిండాయి, ఇప్పుడు. ఇన్నాళ్లకు. అయినా రెప్ప వేయడం లేదు.

మళ్లీ హారను.

పద్మలత పెదవులు విడ్డాయి. పిడికిలి విడలేదు. బిగిసిన వేళ్ల సందులోంచి —

ఒక గింజ. ఆగింది.

మరో గింజ. ఆగింది...

ఇంకా ఖాళీగానే ఉన్న డబ్బాలో బియ్యం పడుతున్న చప్పుడు.